సొంత ఖర్చుతో ఎఫ్‌ఎంఎక్స్‌కు వెళ్లాలనుకునే రోటో ఆర్టిస్టుకు

ప్రశ్న: హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా వీఎఫ్ఎక్స్‌లో రోటో (షాట్‌లోని మనిషినో వస్తువునో చుట్టూ గీతలు గీసి విడదీయడం), పెయింట్ (అక్కర్లేనివి చెరిపేయడం) చేస్తున్నాను. వచ్చే ఏడాది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగే వీఎఫ్ఎక్స్, యానిమేషన్ సదస్సు ఎఫ్‌ఎంఎక్స్‌కు సొంత డబ్బుతో వెళ్లాలని ఉంది. అక్కడ ఉద్యోగం దొరుకుతుందా? ఎలా సిద్ధం కావాలి? ల్యాప్‌టాప్ మోసుకెళ్లాలా?

జవాబు: ఆఫర్ లెటర్ చేత్తో పట్టుకుని తిరిగి రావాలన్నదే ఉద్దేశమైతే ఈసారికి ఆగండి. రోటో నుంచి కంపోజిటింగ్‌కు (విడివిడి చిత్రాలను ఒకే షాట్‌గా కలిపే పని, పొట్టిగా కంప్) మారాలి, బయట పని ఎలా నడుస్తోందో చూడాలి అనుకుంటే వెళ్లండి. అప్పుడు కూడా ముందు రీల్ (మీ మంచి షాట్లతో కూర్చిన చిన్న వీడియో), ఆ తర్వాతే టికెట్. టికెట్ కొన్నాం కదా అని రీల్ మొదలుపెట్టేవాళ్లు ఏప్రిల్‌లో రాత్రిళ్లు కూర్చుని సగం ఉడికిన షాట్లు పట్టుకుని విమానం ఎక్కుతారు.

ఎఫ్‌ఎంఎక్స్ 1994లో మొదలైంది. లుడ్విగ్స్‌బుర్గ్‌లోని బాడెన్-వుర్టెంబెర్గ్ ఫిల్మ్ అకాడమీ నిర్వహిస్తుంది. ఏప్రిల్ చివర్లోనో మే మొదటి వారంలోనో ఉంటుంది. 2025లో మే 6 నుంచి 9 వరకు, మంగళవారం నుంచి శుక్రవారం దాకా జరిగింది. రెడ్ కార్పెట్లు, హీరోలు ఉండరు. వీఎఫ్ఎక్స్ సూపర్‌వైజర్లు, టూల్స్ రాసే ఇంజినీర్లు, యానిమేటర్లు తాము చేసిన పనిని విప్పి చూపిస్తారు. పక్కనే స్టూడియోల రిక్రూటర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల స్టాళ్లు, ఫిల్మ్ స్కూళ్ల బల్లలు ఉంటాయి.

ఉద్యోగం సంగతి ముందే తేల్చేద్దాం. లండన్, వాంకూవర్ స్టూడియోల రోటో, పెయింట్ పనిలో పెద్ద భాగం ఎప్పటినుంచో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబైలకు వస్తోంది. అంటే ఏ పని కోసం మీరు అక్కడికి వెళ్లాలనుకుంటున్నారో, ఆ పని అక్కడి నుంచి మీ డెస్క్‌కే వస్తోంది. దాని కోసం మీకు వీసా స్పాన్సర్ చేసే అవసరం వాళ్లకు లేదు. దీనికి తోడు జీతం నిబంధన ఒకటి ఉంది. జర్మనీ బ్లూ కార్డుకు (అక్కడ ఉద్యోగం చేసే విదేశీ నిపుణులకిచ్చే అనుమతి) 2025లో సాధారణంగా ఏడాదికి కనీసం 48,300 యూరోల జీతం చూపించాల్సి వచ్చేది, వాళ్లు గుర్తించే డిగ్రీ ఉండాలి. జూనియర్ కంపోజిటర్ జీతం అక్కడిదాకా చేరడం కష్టం. 2025 ఫిబ్రవరిలో పెద్ద వీఎఫ్ఎక్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు మన దేశంలోనే వేలమంది రోడ్డున పడ్డారు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లతో మీరు పోటీ పడుతున్నారని గుర్తుంచుకోండి.

కానీ ఇక్కడే చాలామందికి తట్టని దారి ఒకటుంది. అక్కడికి మనుషుల్ని పంపే పెద్ద స్టూడియోల్లో కొన్నింటికి మన దేశంలోనూ ఆఫీసులున్నాయి. డీనెగ్‌కు ముంబై, చెన్నై, బెంగళూరుల్లో, ఫ్రేమ్‌స్టోర్‌కు, ఐఎల్‌ఎంకు ముంబైలో, డిజిటల్ డొమైన్‌కు హైదరాబాద్‌లోనే. అలాంటి స్టూడియో మనిషితో మాట్లాడేటప్పుడు ‘లండన్‌లో ఖాళీ ఉందా’ అని కాకుండా, ‘మీ ఇండియా ఆఫీసులో జూనియర్ కంప్‌కు ఎవరిని తీసుకుంటారు, రీల్‌లో ఏం చూస్తారు’ అని అడగండి. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది. ఇండియా టీమ్‌లో ఎవరికి రాయాలో కూడా చాలాసార్లు చెబుతారు.

ఇక రీల్. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

నిడివి 60 నుంచి 90 సెకన్లు. అన్నిటికంటే మంచి షాట్ మొదట, రెండో మంచి షాట్ చివర. నీరసంగా ఉన్న ఒక్క షాట్ పెట్టినా రిక్రూటర్ మిమ్మల్ని ఆ షాట్‌తోనే కొలుస్తారు. ఆరు మంచివి దొరక్కపోతే నాలుగే పెట్టండి. 1080 రిజల్యూషన్, సెకనుకు 24 ఫ్రేములు, హెచ్.264 ఎంపీ4 ఫైలు చాలు. పాట అక్కర్లేదు, స్టాళ్ల దగ్గర ఎవరూ సౌండ్ పెట్టరు. ప్రతి షాట్ కింద మీరు చేసింది మాత్రమే రాయండి: ‘రోటో, వైర్ తొలగింపు’ అని. టీమ్ అంతా చేసిన ఫైనల్ కంప్‌ను రాత లేకుండా వదిలేస్తే అది మీదే అనుకుంటారు. రెండు ప్రశ్నలు అడిగాక నిజం బయటపడుతుంది, అక్కడితో సంభాషణ ముగుస్తుంది.

రోటో షాట్‌ను ఎలా చూపాలో ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓణీ గాలికి ఎగురుతుంటే ఒకమ్మాయి కెమెరా వైపు నడిచొచ్చే 96 ఫ్రేముల షాట్. మనిషి మొత్తానికి ఒకే షేప్ గీస్తే మొదటి అడుగులోనే పాయింట్లు జారిపోతాయి. తల, జుట్టు ముద్ద, మొండెం, రెండు పై చేతులు, రెండు ముంజేతులు, అరచేతులు, లంగా విడివిడిగా గీయాలి. ఓణీని దాని మడతల వెంట మూడు నాలుగు ముక్కలు చేయాలి. కదలిక మలుపు తిరిగే ఫ్రేముల్లో, అంటే అడుగు నేలను తాకినప్పుడు, చెయ్యి పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు ముందు కీ ఫ్రేములు (షేప్ ఎక్కడుండాలో మనమే ఖాయం చేసేవి) పెట్టండి. తర్వాత వాటి మధ్యలో, ఆపైన ఆ సగాల మధ్యలో, అవసరమైన చోట మాత్రమే. వరసగా ప్రతి ఫ్రేముకూ కీ కొట్టుకుంటూ పోతే ఒక్కో ఫ్రేమ్ విడిగా చూస్తే బాగానే ఉంటుంది, ప్లే చేస్తే అంచు మరుగుతున్న నీళ్లలా బాయిల్ అవుతుంది. సీనియర్లు మొదట వెతికేది ఆ వణుకునే.

రెండో తప్పు మోషన్ బ్లర్. 24 ఫ్రేముల దగ్గర 180 డిగ్రీల షటర్ అంటే సెకనులో 48వ వంతు ఎక్స్‌పోజర్, రోటో నోడ్‌లో షటర్ 0.5. వేగంగా ఊగే చేతికి గీత బ్లర్ బయటి అంచు మీద కాదు, బ్లర్ మధ్యలో పడాలి. బయటి అంచు మీద గీసి మళ్లీ మోషన్ బ్లర్ ఆన్ చేస్తే బ్లర్ రెండింతలై, చేతి చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ పొర ఒకటి వెంట వస్తుంది. నల్ల తెర మీద తెల్ల మ్యాట్ (గీసిన షేపులతో వచ్చే ఆకారం) చూసుకుంటే ఇది కనిపించదు. మ్యాట్‌తో కోసిన మనిషిని ముదురు ఎరుపు మీద ఒకసారి, లేత బూడిద మీద ఒకసారి పెట్టి చూడండి. వ్యూయర్ గామా పైకీ కిందికీ జరపండి. అప్పుడు లోపాలన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

రీల్‌లో ఈ షాట్‌కు పన్నెండు సెకన్లు ఇవ్వండి: ప్లేట్ (కెమెరా తీసిన అసలు చిత్రం) మూడు, గీతలతో సహా ప్లేట్ మూడు, రంగు రంగుల షేపులు మూడు, ఆ మ్యాట్ వాడి మీరే చేసిన కంప్ మూడు. ఆ చివరి మూడు సెకన్లే మీకు ముఖ్యం. ‘ఈ మనిషికి రోటో వచ్చు’ అనేది నాలుగేళ్ల అనుభవం చూడగానే తెలిసిపోతుంది. ‘ఈ మనిషి కంప్ ఆలోచిస్తున్నాడు’ అని చూపించేది అదొక్కటే. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్ 13తో 2021లోనే కాపీక్యాట్ అనే మెషీన్ లెర్నింగ్ టూల్ వచ్చింది, మెషీన్ లెర్నింగ్ మ్యాట్లు ఏటేటా మెరుగవుతున్నాయి. రోటో పని పూర్తిగా పోతుందని కాదు, కానీ రోటో మాత్రమే వచ్చిన మనిషికి బేరమాడే బలం తగ్గుతూ వస్తోంది.

మీ స్టూడియో షాట్లు వాడాలంటే సినిమా విడుదలై ఉండాలి, స్టూడియో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మానిటర్ మీద ఫోన్‌తో తీసిన విడుదల కాని షాట్ ఎవరికైనా చూపించారంటే, చూసినవాళ్లు ‘రేపు మా షాట్లూ ఇలాగే చూపిస్తాడు’ అనుకుంటారు. అనుమతి రాకపోతే సొంత ప్రాక్టీస్ షాట్లు చేయండి, దానికి లోటు లేదు. బ్లెండర్ ఫౌండేషన్ 2012లో తీసిన ‘టియర్స్ ఆఫ్ స్టీల్’ గ్రీన్ స్క్రీన్ ప్లేట్లు ఈఎక్స్ఆర్ ఫైళ్లుగా ఉచితంగా దొరుకుతాయి. న్యూక్ నాన్-కమర్షియల్ వెర్షన్ ఉచితం. అవుట్‌పుట్ 1080కే పరిమితం, రీల్‌కు అది చాలు.

కంప్ షాట్ పూర్తయిందనుకున్నాక మూడు పరీక్షలు పెట్టండి. గామా బాగా పెంచి సీజీ (కంప్యూటర్‌లో చేసిన భాగం) నలుపునూ ప్లేట్‌లోని నలుపునూ పక్కపక్కన చూడండి, సీజీ నలుపు లోతుగా ఉంటే అతికించినట్టు ఉంటుంది. ఆర్, జీ, బీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) చానెళ్లు విడివిడిగా చూడండి. గ్రెయిన్ (చిత్రంలో కదిలే సన్నటి చుక్కలు) సాధారణంగా బ్లూలో ఎక్కువ, అన్ని చానెళ్లకూ ఒకే గ్రెయిన్ వేసినవాళ్లు బ్లూలోనే దొరికిపోతారు. చివరిగా లైట్ ర్యాప్, అంటే వెనకాల వెలుగు మనిషి అంచుల మీదికి పాకినట్టు చేయడం. కొత్తవాళ్లు దాన్ని పాయసంలో పంచదారలా పోస్తారు. సగానికి తగ్గించండి, చాలాసార్లు అప్పటికీ ఎక్కువే ఉంటుంది.

వీసాకు మార్చి దాకా ఆగకండి. షెంగెన్ వీసాకు (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లేది) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 15 రోజుల ముందు అన్నది ఆఖరి గడువు. జర్మనీ దరఖాస్తులు హైదరాబాద్‌లోని వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) సెంటర్‌లోనే ఇవ్వొచ్చు, కానీ మన వేసవి సెలవుల రద్దీ వల్ల స్లాట్లు త్వరగా నిండిపోతాయి. మే ప్రయాణానికి జనవరిలో మొదలుపెడితే నింపాదిగా ఉంటుంది. పెద్దలకు వీసా ఫీజు 90 యూరోలు, వీఎఫ్‌ఎస్ సర్వీస్ చార్జీ వేరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లుబాటు కావాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఎఫ్‌ఎంఎక్స్ రిజిస్ట్రేషన్ కన్ఫర్మేషన్, కంపెనీ ఇచ్చిన సెలవు లెటర్, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, హోటల్ బుకింగ్, రానూపోనూ విమాన రిజర్వేషన్ జత చేయండి.

తిరస్కరణలు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. అప్లికేషన్‌కు వారం ముందు మావయ్య ఖాతాలోంచి లక్షలు వచ్చి పడితే స్టేట్‌మెంట్ చదివేవాళ్లకు అది అప్పు తెచ్చిన డబ్బులాగే కనిపిస్తుంది. సాయం తీసుకుంటే స్పాన్సర్ లెటర్‌తో దాచకుండా చూపించండి. ఇంకోటి కవరింగ్ లెటర్‌లో ‘ఉద్యోగావకాశాలు చూసుకోవడానికి’ అని రాయడం. తిరిగి వెళ్లడేమో అన్న అనుమానాన్ని మీ చేత్తోనే నాటినట్టు. అలాగని అబద్ధం అవసరం లేదు. సదస్సుకు వెళ్తున్నారు, సెషన్ల పేర్లు ఇవి, ఈ తేదీన తిరిగి డ్యూటీలో చేరుతున్నారు, అంతే రాయండి. వీసా వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని విమానం టికెట్ కొనకండి.

బస విషయంలో చాలామంది ఊహించని చిక్కు ఒకటుంది. దాదాపు అదే రోజుల్లో స్టుట్‌గార్ట్‌లోని బాడ్ కాన్‌స్టాట్ మైదానంలో వసంతోత్సవం జరుగుతుంది. హోటళ్ల ధరలు చుక్కలంటుతాయి, సాయంత్రం రైళ్లు కిక్కిరిసిపోతాయి. అందుకే గది ముందే పట్టుకోండి. ఊరి మధ్యలో దొరక్కపోతే ఎస్-బాన్ (లోకల్ రైలు) లైను మీద ఉన్న ఫెల్‌బాఖ్ గానీ ఎస్లింగెన్ గానీ చూడండి. సదస్సుకు ఎన్నో ఏళ్లుగా ప్రధాన వేదిక హౌస్ డెర్ విర్ట్‌షాఫ్ట్. అది స్టాట్‌మిట్టె స్టేషన్ నుంచి నడిచే దూరం, ఎయిర్‌పోర్టు నుంచి ఎస్2, ఎస్3 రైళ్లు ఆ స్టేషన్‌కు నేరుగా వెళ్తాయి. హాళ్లు ఏటా సరిచూసుకోండి. స్టుట్‌గార్ట్ 21 రైల్వే పనుల వల్ల ఎస్-బాన్ మార్గాలు కూడా తరచూ మారుతుంటాయి, ముందురోజే యాప్‌లో చూసుకుంటే మంచిది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేవాళ్లు ఎయిర్‌పోర్టు నుంచే ఐసీఈ (దూరప్రాంత వేగపు రైలు) ఎక్కొచ్చు, గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, విమానం లేటయితే అది పోయినట్టే. కనీసం రెండున్నర గంటల వ్యవధి ఉంచండి.

ఇక సెషన్ల ఎంపిక. పెద్ద సినిమాల ‘బిఫోర్-ఆఫ్టర్’ ప్రసంగాలకు జనం ఎగబడతారు, హాలు నిండితే తలుపు మూసేస్తారు. మీకు నిజంగా కావాల్సినదైతే ఇరవై నిమిషాల ముందే వెళ్లండి. అయితే వాటిలో చూపించే బ్రేక్‌డౌన్లలో చాలా భాగం తర్వాత యూట్యూబ్‌లో వస్తుంది. ఇంట్లో కూర్చుంటే దొరకనివి చిన్న గదుల్లోవి: ఏసెస్ (రంగుల ప్రమాణం) కలర్ మేనేజ్‌మెంట్, యూఎస్‌డీ (3డీ సీన్లు పంచుకునే ఫార్మాట్) పైప్‌లైన్, కంపోజిటింగ్‌లో గాసియన్ స్ప్లాట్ల (ఫోటోల నుంచి 3డీ దృశ్యం కట్టే పద్ధతి) వాడకం, వర్చువల్ ప్రొడక్షన్‌లో (ఎల్‌ఈడీ తెర ముందు షూటింగ్) సెట్ మీద ఏం పొరపాటు జరిగింది అనేవి. రోజుకు నాలుగు సెషన్లు మించితే సాయంత్రానికి ఏదీ గుర్తుండదు. ఒక్కో టైమ్ స్లాట్‌కు రెండో ఎంపిక కూడా రాసుకోండి.

ఎల్‌ఈడీ వాల్ (నటుల వెనక బ్యాక్‌గ్రౌండ్ చూపించే పెద్ద తెర) గురించి ప్రసంగం ఉంటే కంపోజిటర్ కళ్లతో వినండి. వాల్ మీద షూట్ చేసినా షాట్ నేరుగా ఫైనల్ అయిపోదు. కెమెరా ఫోకస్ వాల్ మీద పడితే మోరే (అలల్లాంటి గీతలు) వస్తుంది; పిక్సెల్ పిచ్ (పిక్సెళ్ల మధ్య దూరం) ఎన్ని మిల్లీమీటర్లయితే వాల్‌కు కెమెరా కనీసం అన్ని మీటర్ల దూరం అనేది మోటు లెక్క, సెన్సరూ లెన్సూ బట్టి ఎక్కువే కావాలి. జెన్‌లాక్ (కెమెరా, వాల్ ఒకే లయలో నడవడం) తప్పితే చిత్రంలో అడ్డగీతలు, పక్క కోణం నుంచి చూస్తే ప్యానెళ్ల రంగు మారడం. ఇవన్నీ చివరికి రోటో, పెయింట్, కంప్ వాళ్ల డెస్క్‌కే వస్తాయి. హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లోనూ ఇలాంటి స్టేజీ ఉంది కాబట్టి అక్కడ విన్నది ఇక్కడ పనికొస్తుంది.

నోట్సు స్లైడ్ కాపీ చేసుకున్నట్టు కాకుండా నాలుగు ముక్కల్లో రాసుకోండి: సమస్య ఏమిటి, మొదట ఏం ప్రయత్నించి విఫలమయ్యారు, ఏది పనిచేసింది, ఎంతమంది ఎన్ని వారాలు చేశారు. విడుదలైన సినిమా షాట్లయినా స్టూడియోలు రికార్డు చేయొద్దన్న షరతు మీదే చూపిస్తాయి, ఫోన్ జేబులోనే ఉంచండి.

రిక్రూటర్ల దగ్గరికి వెళ్లే ముందే ఆ స్టూడియో వెబ్‌సైట్‌లో అప్లై చేసి ఉండండి. ‘ఫలానా పోస్టుకు అప్లై చేశాను’ అంటే వాళ్లు మీ పేరు తెరిచి చూడటానికి ఓ కారణం దొరుకుతుంది. ముందుగా బుక్ చేసుకోవాల్సిన ఇంటర్వ్యూ స్లాట్లుంటే ప్రకటించిన రోజే తీసుకోండి. పరిచయం మూడు వాక్యాలు దాటకూడదు: పేరూ ఊరూ, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఏ పనికి మారాలనుకుంటున్నారు. మన దగ్గర సీనియర్ ముందు తలదించుకుని ‘మీరు ఏం చెప్తే అది చేస్తాను సార్’ అనడం మర్యాద. అక్కడ దాన్ని ఈ మనిషికి ఏం కావాలో తనకే తెలియదని అర్థం చేసుకుంటారు. విజిటింగ్ కార్డు మీద రీల్‌కు క్యూఆర్ కోడ్ వేయించండి. దాన్ని వేరేవాళ్ల ఫోన్‌లో, లాగిన్ లేకుండా తెరిచి పరీక్షించండి. ‘యాక్సెస్ కోసం అభ్యర్థించండి’ అని డ్రైవ్ లింకు అడిగితే ఆ కార్డు చెత్తబుట్టకే. హాళ్లలో నెట్‌వర్క్ నమ్మొద్దు, ఇరవై సెకన్ల కట్ ఒకటి ఫోన్‌లోనే ఉండాలి.

రీల్ మీద విమర్శ చెబితే వాదించకుండా ఆ షాట్ నంబరు పక్కన రాసుకోండి. ఆ రాత్రే లింక్డ్‌ఇన్‌లో ఒక్క వాక్యం పంపండి, వాళ్లు చెప్పిన ఆ ఒక్క విషయం ప్రస్తావిస్తూ. ఆ షాట్ సరిదిద్దాక ఐదారు వారాలకు మళ్లీ రాయండి. చెప్పినది చేసి చూపించినవాళ్లు గుర్తుంటారు, ‘ఏమైనా అప్‌డేట్ ఉందా’ అని వారం వారం అడిగేవాళ్లు కూడా గుర్తుంటారు, వేరే రకంగా.

ఇదంతా లెక్కేసుకున్నాక సేవింగ్స్ మొత్తం ఊడ్చి పెట్టాల్సి వస్తుందనిపిస్తే ముందు మన ఊళ్లో జరిగే ఇండియాజాయ్‌కు వెళ్లండి. తెలంగాణ వీఎఫ్ఎక్స్, యానిమేషన్, గేమింగ్ అసోసియేషన్ ఏటా, మామూలుగా నవంబర్‌లో నిర్వహిస్తుంది. రీల్‌ను కొత్త మనుషుల ముందు పెట్టి మాట్లాడే ప్రాక్టీసుకు విమానం టికెట్ అక్కర్లేదు.

ల్యాప్‌టాప్ సంగతి: తీసుకెళ్లండి, కానీ హాలుకు కాదు, గదికి. రోజంతా వీపు మీద మోయడం దండగ. హాలుకు ఫోను, చిన్న ట్యాబ్లెట్, పవర్‌బ్యాంకు చాలు. సాయంత్రం గదిలో రీల్‌లో చిన్న మార్పు చేసి మళ్లీ అప్‌లోడ్ చేయాల్సి వస్తే అది కావాలి, అందుకని ప్రాజెక్టు ఫైళ్లు కూడా వెంట ఉంచుకోండి. జర్మనీ సాకెట్లలో మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్ పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. రెండు సన్న పిన్నుల ఫోన్ చార్జర్ అలాగే దూరుతుంది. సూట్‌కేసులో ఆవకాయ పరవాలేదు, మూత గట్టిగా బిగించి చెకిన్ సామానులో పెట్టండి. నెయ్యి సీసా, కోవా బిళ్లలు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు.